రూపాయి బిళ్ళకు మేడికుంట

రోజూ తొమ్మిదింటికి కుతుబుద్దీన్ దుకాణం షట్టర్ ఎత్తి, కారు ఆట మిషన్ అద్దాన్ని తడిబట్టతో తుడుస్తాడు. గోదావరిఖనిలో పూటకోసారి తుడవకపోతే బొగ్గు దుమ్ముకు తెర కనిపించదు.

ముప్పై ఏళ్ళ కింద ఆ దుకాణంలో ఎనిమిది మిషన్లుండేవి. హైదరాబాదులో ఎత్తేసిన ఆటల దుకాణం నుంచి లారీలో తెచ్చాడు. కొట్లాట ఆటలు, విమానాలు కూల్చే ఆటలు, ఒక కారు రేసు. రూపాయి బిళ్ళ వేస్తే మూడు నిమిషాలు. షిఫ్టు దిగిన కార్మికులు బడిపిల్లలతో పాటే వరుసలో నిలబడేవారు. తర్వాత టీవీకి తగిలించుకునే ఆటలొచ్చాయి, ఆ తర్వాత ఫోన్లొచ్చాయి. ఏడు మిషన్లు పాత ఇనుప సామాన్లోకి పోయాయి. కారు మిషన్‌ను మాత్రం మేడికుంట వాళ్ళు పోనివ్వలేదు.

మేడికుంట, నేల పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో కలిసిన ఊరు. ఆఖరి ఇల్లు కూల్చిన మర్నాడు, తెర మీద సముద్రం పక్కన పోయే రోడ్డు మాయమై మేడికుంట రోడ్డొచ్చింది. బోరింగు, బడి గోడ, పోశవ్వ ఇంటి నీలం తలుపు, అన్నీ ఉన్నాయి. ఊరివాళ్ళు వచ్చి బిళ్ళ వేసి, సైకిలు కన్నా నెమ్మదిగా కారు నడిపి, ఎవరిల్లు వాళ్ళు చూసుకొని పోయేవారు.

అందరికీ కొత్త కాలనీలో జాగా వచ్చింది, పోశవ్వకు తప్ప. ఆమె ఇంటి నంబరు మీద అసలు ఇల్లే లేదన్నారు జాగాలిచ్చే ఆఫీసులో. ఒంటరి ముసలామె ఆరేళ్ళుగా దూరపు చుట్టాల క్వార్టర్ అరుగు మీద పడుకుంటూ ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. చూడలేక కుతుబుద్దీనే దరఖాస్తు రాశాడు. మనకెందుకని భార్య ఆబిదా అన్నా వినలేదు. ఒక్కసారి వచ్చి మిషన్‌లో ఆ ఇల్లు చూడమని ఆఫీసరు సదానందాన్ని బతిమాలాడు.

సదానందం వచ్చి సీట్లో కూర్చున్నాడు. బోరింగు దాటి, నీలం తలుపు ముందు కారు ఆపి, గోడలూ కిటికీలూ కాగితం మీద రాసుకున్నాడు.

"ఇల్లున్నది. నా కండ్లతోని చూసిన," అన్నాడు చాయ్ తాగుతూ.

పోశవ్వ రెండు చేతులూ జోడించింది. ఆ పూట కుతుబుద్దీన్ తృప్తిగా అన్నం తిన్నాడు.

ఇరవై రోజులకు కాగితం వచ్చింది. పోశవ్వ దాన్ని తెచ్చి అతని చేతిలో పెట్టింది. దరఖాస్తుదారు ఇల్లు చెక్కుచెదరక ఉన్నందున ఆమె నిర్వాసితురాలు కాదని, పేరు కొట్టివేశామని ఉంది. రెండుసార్లు చదివాడు. అబద్ధం చెప్పలేక ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాడు. సదానందానికి ఫోన్ చేస్తే, చూసిందే రాశానని ఓపిగ్గా చెప్పాడాయన.

మర్నాడు పోశవ్వ చిన్న మూటతో వచ్చింది.

"సర్కారే రాసిచ్చింది గద బిడ్డ, ఇల్లున్నదని. ఇంక ఒకల అరుగు మీద ఎందుకుండాలె?"

"అవ్వా, అది మూడు నిమిషాల రోడ్డు."

"నా ఫికర్ చెయ్యకు. బిళ్ళ ఎయ్యి."

వేశాడు. ఆమెకు స్టీరింగు పట్టడం రాదు. రెండుసార్లు బడి గోడకు గుద్ది, నీలం తలుపు ముందు ఆపింది. కుతుబుద్దీన్ తల తిప్పి చూసేసరికి సీట్లో ఎవరూ లేరు. తెర మీద తలుపు తెరుచుకుంది. పోశవ్వ వాకిలి ఊడుస్తోంది.

తెర మూలన మిగిలిన సెకన్ల అంకె తగ్గుతోంది. సున్నాకు చేరితే తెర నల్లబడుతుంది. అప్పుడు లోపలి ఊరు ఏమవుతుందో ఎవరికీ తెలియదు, ఇన్నాళ్ళూ అందులో మనుషులు లేరు కనుక. కుతుబుద్దీన్ ఇంకో బిళ్ళ వేశాడు. మిషన్ కింది డబ్బా తెరిచి, వేసిన బిళ్ళలే మళ్ళీ తీసి వేస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం ఆబిదా టిఫిను తెచ్చింది. తెరలోకి చూసింది. పొయ్యి ముట్టించినట్టుంది, ఇంటి మీద పొగ లేస్తోంది. స్టూలు లాక్కొని పక్కన కూర్చొని, నమాజుకు పోయి రమ్మంది, అందాక తను వేస్తానంది.

అతను లేవలేదు.

"దరఖాస్తు రాసింది నేనే గద," అన్నాడు.

ఇట్లా ఎన్ని రోజులని అడిగింది ఆబిదా. అంకె తొమ్మిదికి దిగింది. కుతుబుద్దీన్ బిళ్ళ వేశాడు.