పాయింట్ షాహీన్

వెంకట్రామయ్య మాస్టారికి లెక్కలెంత బాగా వచ్చో ఎగతాళీ అంత బాగా వచ్చు. కారంపూడి పక్కన ఓ హైస్కూల్లో ఇరవై ఏళ్ళు రెండూ కలిపే చెప్పి రిటైరయ్యారు. ఎక్కడ ఇంజనీరు కనబడ్డా "నా స్టూడెంటే" అని మురిసిపోయే మనిషి.

ఆవేళ నరసరావుపేటలో ఓ ఆసుపత్రిలో భార్య హైమావతి మంచం పక్కన కూర్చున్నారు. ఆవిడకు నిన్నటి నుంచి గుండె దడ తగ్గలేదు. పొద్దున డాక్టరు వచ్చి, ఇంజెక్షను రాసి వెళ్ళాడు. అంకె కనబడితే చదవకుండా ఉండలేరు గనక మాస్టారు కేస్‌షీటు చూశారు. 0.25 మిల్లీగ్రాములు.

కాసేపటికి స్టాఫ్ నర్సు పూర్ణిమ, వెనకాలే ట్రే పట్టుకుని ఓ నర్సింగ్ విద్యార్థిని వచ్చారు.

"సార్, బాగున్నారా? నేను షాహీన్ని. మెకానిక్ ముజాహిద్ గారి అమ్మాయిని."

మాస్టారికి వెంటనే గుర్తొచ్చింది. తొమ్మిదో తరగతిలో ఈ పిల్ల లేచి నిలబడి, "పాయింట్ ఫైవ్ కన్నా పాయింట్ ట్వంటీఫైవ్ పెద్దది కదా సార్? అయిదు కన్నా ఇరవై అయిదు పెద్దది కదా?" అని అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు. "ఏందమ్మా, మీ నాయన షెడ్డులో పంక్చర్ల లెక్కా ఇది?" అన్నారు. క్లాసంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ రోజు నుంచి బడి వదిలేదాకా ఆమె 'పాయింట్ షాహీన్'. మళ్ళీ ఒక్క ప్రశ్నా అడగలేదు. పదో తరగతి అయ్యాక, "నీకు లెక్కలెందుకు, బైపీసీ తీసుకుని నర్సింగులో చేరు. అక్కడ లెక్కలుండవు" అని సలహా ఇచ్చిందీ ఆయనే.

ఇప్పుడు ట్రేలో చూస్తే రెండు చిన్న గాజు ఆంప్యూళ్ళున్నాయి. ఒకదాని మీద 0.5 మిల్లీగ్రాములు అని ఉంది. అందులో సగమే ఎక్కించాలి. షాహీన్ దాని మెడ విరిచింది. మందు సిరంజిలోకి లాగి, రెండోది కూడా చేతిలోకి తీసుకుంది.

"ఆగు!" మాస్టారు అరిచారు. "పాయింట్ టూ ఫైవ్ తక్కువే! రెండెందుకు తీశావు? నీకు అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు!"

వార్డంతా ఇటు తిరిగింది. షాహీన్ మొహం ఎర్రబడింది.

"ఇది మందు కాదు సార్. కలపడానికి సెలైను," అంది మెల్లగా. సిరంజి ఆయన కళ్ళ ముందుకు తెచ్చింది. "ఆంప్యూల్లో ఉన్నది రెండు ఎమ్మెల్. నేను తీసింది ఒకటి. సగమే."

"కరెక్టే సార్, నేను చూస్తానే ఉన్నా," అంది పూర్ణిమ.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. మాస్టారు ఒకే పిల్ల విషయంలో రెండుసార్లు జారారు. సిగ్గుతో చచ్చిపోయారు.

షాహీన్ ఇంజెక్షన్ నిదానంగా ఎక్కించింది. ఎక్కించినంతసేపూ పూర్ణిమ పక్కనే నిలబడి, అయిపోయాక వేరే మంచం దగ్గరికి వెళ్ళింది.

"తప్పయిందమ్మా," అన్నారు మాస్టారు. "అప్పటిది కూడా."

షాహీన్ వాడేసిన ఆంప్యూళ్ళు ట్రేలో సర్దుకుంది.

"ఫస్టియర్లో డోసు లెక్కల పరీక్ష మూడుసార్లు తప్పా సార్. అది పాసైతేగానీ వార్డులోకి రానియ్యరు. అడిగితే నవ్వుతారని ఎవర్నీ అడగలా. చానా ఏడ్చా. నాలుగోసారి ఇంక మానేద్దామనుకుని, అదే చెప్పడానికి మా కాలేజీ మేడం దగ్గరికి పోయా. ఆమె సిరంజిలో నీళ్ళు లాగి, సగం ఏదో, పావు ఏదో చూపించింది. రెండు నిమిషాలు పట్టింది సార్. అంతే."

రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు తన దగ్గర లేకపోయాయా? నవ్వించడానికే అంతకన్నా ఎక్కువ పట్టి ఉంటుంది.

"మీరు అడగడం మంచిదే సార్," అంది ట్రే ఎత్తుకుంటూ. "అనుమానమొస్తే అడగాలి. ఇక్కడ అడిగినోళ్ళని చూసి ఎవరూ నవ్వరు."

ఆమె వెళ్ళిపోయింది. హైమావతి కళ్ళు తెరిచింది.

"ఎవరండీ ఆ పిల్ల? చెయ్యి చానా తేలిక. మీ స్టూడెంటా?"

ఎప్పుడూ ఆ మాట కోసమే కాచుకుని ఉండే మనిషికి ఇవాళ అవుననే మొహం లేకపోయింది.

"మా బడిలో చదివిందిలే," అన్నారు.