అంచు ఆనుకున్న చోట

పెళ్ళయి నలభై రోజులైంది. రమ్యశ్రీ ఇంకా రోజులు లెక్కపెట్టుకుంటూనే ఉంది. బండారులంకలో పొద్దున్నే మగ్గం చప్పుడుకి మెలకువ రావడం, భర్త విజయకుమార్ అమలాపురంలో నూలుకొట్టుకి బయల్దేరుతూ మోపెడ్ హారన్ రెండుసార్లు ఊరికే కొట్టడం, అన్నీ తనకోసమే ఎవరో ఏర్పాటు చేసినట్టు మురిసిపోయేది.

ఆ శనివారం మాత్రం మురిసిపోవడం కుదరలేదు. విశాఖపట్నం నుంచి ఎం.ఫిల్. గైడుగారి కవరు వచ్చింది. మూడో అధ్యాయం తిప్పి పంపేరు.

తూర్పు కనుమల రాతిలో దొరికిన దానిమ్మగింజంత గార్నెట్ స్ఫటికం మీద ఆమెది రెండేళ్ళ పని. స్ఫటికం నడుమంతా మెగ్నీషియం ఒకే పాళ్ళలో ఉంది. అంచు దగ్గరకొచ్చేసరికి అది తగ్గి, ఇనుము పెరిగింది. భూమి లోపల ఆ రాయి రెండోసారి వేడెక్కినప్పుడు పాత స్ఫటికం చుట్టూ కొత్తపొర పెరిగిందని ఆమె రాసింది. గైడుగారు పక్కన ఎర్రసిరాతో, "కొత్తపొర పెరిగిందా? ఉన్న అంచులోనే మూలకాలు చోటు మారేయా? రెండిట్లో ఏది నిజమో రుజువు చెయ్యి. లేకపోతే ఈ అధ్యాయం తీసెయ్యి" అని రాసేరు. అది తీసేస్తే థీసిస్‌లో మిగిలేది రాళ్ళ జాబితా.

ఉత్తరం మూడోసారి చదువుతుండగా పెరట్లో బకెట్ గుర్తొచ్చింది.

మావగారు ఎర్రయ్య కొత్త కోడలికని స్వయంగా నేసిన ఎర్ర అంచు తెల్లచీర అందులో ఉంది. మర్నాడు ఐనవిల్లి గుడికి కట్టుకోవాల్సింది. కొంగు మీద కాఫీ ఒలికితే, మరక పోవాలని మరిగిన నీళ్ళు పోసి, మడత విప్పకుండానే ముంచేసింది. తీసి చూస్తే తెలుపు నడుమ ఎర్రటి చారలు.

"అయ్యో, అయ్యో!" అత్తగారు బుల్లెమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. "నేతవాళ్ళ కోడలివి, కొత్త చీర వేణ్ణీళ్ళలో పడేసేవా! చన్నీళ్ళలో ఉప్పేసి జాడించాలని మీ యూనివర్సిటీలో చెప్పలేదూ?"

"రాళ్ళ గురించే చెప్పేరండీ అత్తయ్యగారూ."

"అయితే రాళ్ళే ఉతుక్కో."

ఎర్రయ్య మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, చీరని వెలుతురుకి పట్టి చూసేడు.

"ఎంతసేపు నానబెట్టేవమ్మా?"

"ఐదు నిమిషాలండీ మావయ్యగారూ."

ఆయన వేలిని అంచు మీంచి తెలుపులోకి మెల్లగా జరిపేడు. "అరగంట పైమాటే."

రమ్యశ్రీ మొహం చీర అంచులా అయింది. "ఆయ్. అరగంటేనండి. ఎలా తెలిసిందండీ?"

"అంచు పక్కన ముదురు. పోనుపోను లేత. ఆపైన తెలుపు. నీళ్ళ వేడి ఎంతో తెలిస్తే, రంగు ఎంత దూరం వెళ్ళిందో చూసి ఎంతసేపో చెప్పొచ్చు."

"బాగానే ఉంది," అంది బుల్లెమ్మ. "నడుమ చారలు చూసినవాళ్ళు మీరే అక్కడ ఎర్రనూలు పెట్టి నేసేరనుకుంటారు."

"నేను నేస్తే ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉండదూ? ఇలా సగంలో ఆగిపోతుందా? మడతలో అంచు ఆనుకున్న చోట దిగింది. ఆననిచోట చూడు, తెల్లగానే ఉంది."

రమ్యశ్రీ చీర వైపు చూసింది. తర్వాత గదిలోకి వెళ్ళి పెట్టె తెరిచింది.

స్ఫటికంలో నడుమ నుంచి అంచు దాకా ఆమె రెండు గీతల వెంట కొలిచింది. మొదటి గీత నల్ల అభ్రకాన్ని ఆనుకున్న అంచు దగ్గర ముగిసింది. అధ్యాయంలో పెట్టిన గ్రాఫు అదే. రెండోది పలుగురాయిని ఆనుకున్న అంచు దగ్గర ముగిసింది. అక్కడ మెగ్నీషియం చివరిదాకా తగ్గలేదు. కొలత ఎక్కడో తప్పిందనుకుని ఆ గ్రాఫు పెట్టె అడుగున పడేసింది. అలాగని తనకి తాను చెప్పుకుంది.

కొత్తపొర పెరిగితే చుట్టూ ఉండాలి. ఇది అభ్రకం ఆనుకున్నచోటే ఉంది. రాయి చల్లారే కాలమంతా అభ్రకంలోని ఇనుము ఇటూ, స్ఫటికంలోని మెగ్నీషియం అటూ మారుతూనే ఉన్నాయి. పలుగురాయిలో ఇచ్చిపుచ్చుకోవడానికి ఆ రెండూ లేవు.

రెండేళ్ళ మాట తప్పయింది. మొదటి గ్రాఫు ఒక్కటే చూపించి ఇంకేదైనా సర్దిచెప్పొచ్చు. రెండోది ఉందని తనకి తప్ప ఎవరికీ తెలియదు. చాలాసేపు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తన నోటితో తనే అన్న 'ఐదు నిమిషాలండీ' చెవిలో మోగుతోంది.

సాయంత్రం విజయకుమార్ వచ్చేసరికి ఆమె చాపంతా కాగితాలు పరుచుకుని ఉంది.

"చీర పాడైందట. ఏడుస్తుంటావనుకున్నాను."

"అధ్యాయం కూడా పాడైందండీ," అంది నవ్వుతూ. కళ్ళు మాత్రం ఎర్రగానే ఉన్నాయి. "కానీ ఆ రాయి చల్లారడానికి ఎంత కాలం పట్టిందో ఇప్పుడు లెక్క కట్టొచ్చు. మావయ్యగారి లెక్కే."

మర్నాడు ఆ చారల చీరే కట్టుకుంది. బుల్లెమ్మ కుచ్చెళ్ళలో చారలు దాచబోతే, "ఉండనివ్వండి అత్తయ్యగారూ" అంది.

ఐనవిల్లి దారిలో పోస్టుడబ్బా కనబడితే మోపెడ్ ఆపించింది. కవర్లో రెండు గ్రాఫులూ ఉన్నాయి. పైన చిన్న ఉత్తరం: "సార్, కొత్తపొర పెరగలేదండి. నేను రాసింది తప్పు. రెండో గ్రాఫు మీకు చూపించలేదు. అధ్యాయం మళ్ళీ రాస్తాను."

కవరు డబ్బాలో పడిన చప్పుడు విని వెనక సీటెక్కి కూర్చుంది. విజయకుమార్ హారన్ రెండుసార్లు ఊరికే కొట్టేడు.