ఉప్పెనకి ముందు

పంటు దిగి దీవిలో అడుగుపెట్టినప్పటి నుంచి కృపాకుమారికి కాలు నిలవడం లేదు. గైడుగా ఇది ఆమెకి మొదటి రోజు. డెబ్భై ఏడులో దివిసీమలో ఊళ్ళకి ఊళ్ళనే మింగిన ఉప్పెన మాట ఎత్తొద్దని, టూరిస్టులు భయపడతారని, శిక్షణలో మరీ మరీ చెప్పారు.

గుడివాడ నుంచి వచ్చిన కుటుంబానికి రేవు చూపించింది. డచ్చివాళ్ళ ఓడలూ, కలంకారీ మూటలూ, బందరు వైభవమూ గడగడా అప్పజెప్పింది. వాళ్ళు సెల్ఫీల్లో మునిగిపోయారు. తూర్పుగాలి లేచినప్పుడల్లా ఆమె చూపు సముద్రం మీదికే పోతోంది.

పాత చర్చి మొండిగోడల దగ్గర ఆ ఇంటి పెద్దాయన ఉమామహేశ్వరరావు ఆగాడు.

"ఇదెప్పుడు కట్టారమ్మా?"

"ఉప్పెనకి ముందండీ" అనేసి నాలిక్కరుచుకుంది. పెళ్ళికైనా పుట్టుకకైనా దీవిలో అదే లెక్క, నోటికి ఇంకోటి రాదు.

"ముందంటే ఎప్పుడు? చరిత్ర చెప్పేవాళ్ళు కచ్చితంగా చెప్పాలి కదమ్మా" అన్నాడాయన చిరాగ్గా, ఫోనులో ఫొటో సరిచూసుకుంటూ.

ఆమెకి ఒళ్ళు మండింది.

"కచ్చితంగానే చెబుతున్నానండీ. మా అమ్మకి ముగ్గురన్నయ్యలు ఉన్నప్పుడు కట్టారు."