ఖాళీగా ఉండబోయే రెండేళ్ళు

"అయితే మార్చి నుంచి నువ్వు ఖాళీయే కదా," అన్నారు మా అత్తగారు, ఉప్పులో ఊరిన క్యాబేజీని నీళ్ళలో జాడిస్తూ.

నా చేతులు మోచేతుల దాకా కారం ముద్దలో ఉన్నాయి. నవంబరు ఆదివారం, చలికాలమంతటికీ సరిపడా కిమ్చి పచ్చడి పెట్టే రోజు. పెళ్ళయిన పదహారేళ్ళలో ఈ రోజున నేను ఈ పెరట్లో, ఈ ఎర్ర టబ్బు ముందు లేనిది ఒక్క ఏడాదే. అది మా అమ్మాయి సొల్ పుట్టిన ఏడాది. ఆవిడ అన్నది ప్రశ్నో, ముందే తేల్చేసుకున్న మాటో నాకు వెంటనే అర్థం కాలేదు. వెనక నుంచి మా ఆయన గితెక్ నవ్వుతూ అందుకున్నాడు. "ఖాళీ అంటే మామూలు ఖాళీ కాదమ్మా. గవర్నమెంటు జీతమిచ్చి మరీ చదివిస్తోంది మీ కోడల్ని. రెండేళ్ళు!" అతని గొంతులో నిజంగానే గర్వం ఉంది. అదే నన్ను తికమక పెట్టింది.

నేను మా ఊరు చొంగ్జులో ఒక మిడిల్ స్కూల్లో పదిహేడేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను. కిందటేడాది ఒక రోజు క్లాసులో, కోపం గురించి వాక్యాలు రాయిస్తుంటే, ముందు బెంచీలో కూర్చునే ఒకమ్మాయి చెయ్యెత్తి, "టీచర్, మీకెప్పుడైనా ఇంగ్లీషులో కోపమొచ్చిందా?" అనడిగింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేశాను. కానీ ఆ ప్రశ్న నాతో ఇంటికొచ్చింది. ఇంగ్లీషులో నాకు కోపం రాలేదు, దుఃఖం రాలేదు, సరదా కూడా రాలేదు. పుస్తకంలో ఉన్న నలుగురు పిల్లలు ఒకరినొకరు క్షేమమా అని అడుగుతుంటే, ఆ మాటలనే పదిహేడేళ్ళుగా పిల్లలకి వల్లె వేయించాను. నాకు రాని దాన్ని నేను ఎవరికి ఏం నేర్పుతున్నట్టు? కొరియన్లో మాత్రం నాకు కోపమొస్తుందా అనే ఇంకో ప్రశ్న కూడా దాని వెనకే వచ్చింది. దాన్ని అప్పటికి పక్కకి నెట్టేశాను.

విద్యాశాఖ ఏటా కొందరు ఇంగ్లీషు టీచర్లని పూర్తికాలం పీజీ చదువుకి పంపిస్తుంది. దరఖాస్తు పెట్టాను. వైస్ ప్రిన్సిపాల్ తక్ మేడమ్ కాగితం మీద సంతకం పెడుతూ, "నలభై రెండేళ్ళకి పరీక్షలా, మ్యంగ్ టీచర్? మీ పాపకి హైస్కూలు చదువు దగ్గర పడుతోంది కదా, ఈ టైములో తల్లి ఇంట్లో ఉండాలి," అంది. ఆవిడకీ ఇద్దరు పిల్లలు. ఆవిడ వైస్ ప్రిన్సిపాల్ అయ్యే టైములో వాళ్ళ తల్లి ఎక్కడుండేదో నేను అడగలేదు. రెండు యూనివర్సిటీల పేర్లు రాయాలి. మొదటిది ఇంటికి ఇరవై నిమిషాల దూరంలోది. రెండోది దక్షిణాన సముద్రం ఒడ్డున, రైల్లో మూడు గంటలు. ఏదో ఒకటి నింపాలి కాబట్టి నింపాను.

శుక్రవారం ఫలితాలొచ్చాయి. రెండు చోట్లా సీటొచ్చింది. సోమవారం మధ్యాహ్నం లోపల ఒకటి ఖాయం చెయ్యాలి. ఇంటికొచ్చే బస్సులో నేను గితెక్‌తో పోట్లాట మొత్తం మనసులోనే ఆడేశాను. అతను ఏమంటాడో, నేను ఏమనాలో, ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ ఏడవకూడదో. తీరా అన్నం దగ్గర చెబితే అతను చేప ముల్లు తీసుకుంటూ, "వెళ్ళు. నేను వద్దంటానా?" అన్నాడు. అంతే. తలుపు తీసే ఉందని తెలియక భుజంతో బలంగా తోసి లోపల బోర్లా పడ్డ మనిషిలా అయింది నా పని. సంతోషించాలి కదా. ఎందుకో గిన్నెలు తోముతూ పళ్ళు నూరుకున్నాను.

ఎందుకో ఆదివారం పెరట్లో తెలిసింది, అదీ సగమే.

"మోకాలి ఆపరేషన్ ఏడాది నుంచి వాయిదా వేస్తున్నా," అన్నారు అత్తగారు. "నువ్వు ఖాళీగా ఉంటావని వీడు చెప్పాక ధైర్యమొచ్చింది. మార్చిలో చేయించుకుంటా. తర్వాత మూణ్ణెల్లు మీ ఇంట్లోనే. నీ చేతి గంజి తాగితే చాలు, లేచి తిరుగుతాను."

"సొల్ ట్యూషన్ కూడా మాన్పించొచ్చు," అన్నాడు గితెక్. "సాయంత్రాలు నువ్వే చెప్పుకోవచ్చు. పొద్దున ఓ రెండు గంటలు క్లాసు, మిగతా రోజంతా ఇంట్లోనేగా. నీకూ రెస్టు."

ఆవిడ మోకాళ్ళు నిజంగానే పాడయ్యాయి. మెట్టెక్కేటప్పుడు ఆవిడ పంటి బిగువున పీల్చే ఊపిరి నాకు తెలుసు. అతను నిజంగానే నాకు మంచి జరిగిందనుకుంటున్నాడు. ఇద్దరిలో ఒక్కరైనా కాస్త చెడ్డవాళ్ళయితే నాకు దారి సులువయ్యేది. నా నోరు నన్నడక్కుండానే, "అలాగే అత్తయ్యా," అనేసింది. కారం ముద్దని ఆకు ఆకుకీ పట్టిస్తూ, అన్నది నేనేనా అని చూసుకున్నాను.

తిరిగొస్తుంటే కార్లో, కిమ్చి డబ్బాల మధ్య ఇరుక్కుని కూర్చున్న సొల్ ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "అమ్మా, మరి నువ్వు చదివేదెప్పుడు?" అంది.

గితెక్ నవ్వాడు. "మీ అమ్మకి ఇంగ్లీషు ఇప్పుడు కొత్తగా రావాలా ఏంటి?"

నేనూ నవ్వాను. క్లాసులో ఒకసారి, పద్నాలుగేళ్ళ కూతురి ముందు ఇంకోసారి, నవ్వేసి తప్పించుకోవడం నాకు బాగా వచ్చు.

సోమవారం మూడో పీరియడ్ నాకు క్లాసు లేదు. స్టాఫ్ రూములో కంప్యూటర్ ముందు కూర్చుని ఆ పేజీ తెరిచాను. రెండు పేర్లు, రెండు గళ్ళు. దగ్గరిది మంచిదని ఎవరైనా చెబుతారు. పేరున్నది, ఇంటికి దగ్గర, పాపకి దగ్గర. దూరానిది ఎందుకని ఎవరైనా అడిగితే నా దగ్గర ఒక్క కారణమూ లేదు. అక్కడి ప్రొఫెసర్లు నాకు తెలియదు. ఆ ఊరు చూసిందీ లేదు. చదువు కోసమా, ఇంట్లోంచి పారిపోవడం కోసమా? పారిపోవడం కోసమే అయితే దానికి ప్రభుత్వం జీతమివ్వాలా? ఇలా అడుగుతున్నది నేనా, నా లోపల కూర్చున్న తక్ మేడమా? దగ్గరి దాని గడిలో నొక్కితే రెండేళ్ళ తర్వాత నా చేతిలో ఏముంటుందో మాత్రం స్పష్టంగా కనబడింది. ఒక పట్టా, బాగుపడ్డ రెండు మోకాళ్ళు, సొల్ మార్కులు. అన్నీ మంచివే. వాటిలో చదివిన గుర్తు మాత్రం ఎక్కడా కనబడలేదు. బెల్లు కొట్టారు. నాలుగో పీరియడ్ నాదే. పిల్లలు ఎదురుచూస్తుంటారు. నేను దూరపు గడిలో నొక్కి, పుస్తకాలు తీసుకుని క్లాసుకి వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర గితెక్ ఫోన్ చేశాడు. "డాక్టరు మార్చి ఐదు ఇస్తానంటున్నాడు. ఓకే చెప్పెయ్యనా?"

"చెప్పెయ్. కాకపోతే ఆ రోజు నేను ఊళ్ళో ఉండను."

"ఎక్కడుంటావ్?"

చెప్పాను. హాస్టల్ గది గురించీ, శుక్రవారాలు సాయంత్రం వస్తాననీ చెప్పాను.

"నన్ను ఒక్క మాటైనా అడగాలనిపించలేదా?"

"అనిపించింది. అడిగితే నువ్వు ఒప్పుకునేవాడివి. ఒప్పుకుని ఇంకేదో ఏర్పాటు చేసేవాడివి."

"అంటే నేనేం తప్పు చేశానని?"

"ఏమీ చెయ్యలేదు," అన్నాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. అప్పటికి ఉన్న మాట అదొక్కటే.

ఆ చలికాలమంతా ఇంట్లో మాటలు పొదుపుగా వాడుకున్నాం. గితెక్ ఆఫీసులో పదిరోజులు సెలవు పెట్టుకున్నాడు. మా ఆడపడుచు మిగతా వారాలు పంచుకుంది, ఫోన్లో నాతో మాట్లాడటం మానేసి. సొల్ తన యూనిఫామ్ షర్టు తనే ఇస్త్రీ చేసుకుని కాలర్ మాడ్చి, చొక్కా నాకు చూపించకుండా దాచింది. నాకు ప్రతిదీ తెలుస్తూనే ఉంది. మార్చి రెండున పెట్టె ఈడ్చుకుంటూ హాస్టల్ గదిలోకి వెళ్ళి, మంచం మీద కూర్చుని, ఇప్పుడు ఏం చెయ్యాలో తెలియక చాలాసేపు తలుపు వైపు చూశాను, ఎవరో వచ్చి చెబుతారన్నట్టు.

ఆపరేషన్ అయిన ఆరో రోజు, క్లాసు నుంచి బయటికొస్తుంటే, అత్తగారే ఫోన్ చేశారు.

"సొల్ వాళ్ళమ్మా, తిన్నావా?"

"తిన్నానత్తయ్యా. నొప్పి ఎలా ఉంది?"

"ఉంది, ఉండకేం చేస్తుంది. ఇవాళ మీ ఆయన నా తల దువ్వాడు. చిక్కు తియ్యడం రాదు వెధవకి, సగం జుట్టు దువ్వెనకే వచ్చింది." నవ్వాలో వద్దో నాకు తెలియలేదు. ఆవిడ గొంతు తగ్గించారు. "ఒకటడుగుతా, దాచకుండా చెప్పు. నా మీద కోపంతో వెళ్ళావా?"

"లేదత్తయ్యా."

"మరి వాడి మీదా?"

"కాదు... ఏమో. తెలీదు."

"పోనీ, చదువంటే అంత పిచ్చా?"

"అదీ సరిగ్గా తెలీదత్తయ్యా."

తిడతారనుకున్నాను. ఆవిడ వెనక ఆసుపత్రిలో ఎవరో తోసుకెళుతున్న బండి చప్పుడు దగ్గరికొచ్చి దూరమైంది.

"నీ వయసులో నేనూ ఓసారి బట్టలు సర్దుకుని బస్టాండు దాకా వెళ్ళాను," అన్నారు. "టికెట్లిచ్చే అమ్మాయి ఎక్కడికని అడిగింది. చెప్పడానికి ఒక్క ఊరి పేరూ రాలేదు. వెనక్కొచ్చి అన్నం వండాను."