ఎడమవైపు గుంత

నేను ఒక పాలిస్టర్ పొరను, సోఫాలు చేసేవాళ్లు ఫైబర్ అంటారు. సోఫాల్లో ఫోమ్‌కు పైన, గుడ్డకు కింద, ఎవరి కంటా పడకుండా ఉంటాను. నరసరావుపేటలో రామబ్రహ్మం ఇంటికి నేను వచ్చిన రోజునే ఆ ఇంట్లో ఒక గుంత పోయింది. పోగొట్టింది నేనే. ఆ పని పురమాయించింది మాత్రం మనుషులు.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. మీరు తాగి, రైలు కిటికీలోంచి విసిరేసిన నీళ్ల సీసాలను ఏరి, కడిగి, తరిగి, కరిగించి, సన్నని రంధ్రాల గుండా లాగితే వచ్చిన పోగులను నేను. వాటిని దూదిలా పరిచి, వేడి తగిలించి, చాపలా చుట్టారు. విసిరేసిన చేతులే తర్వాత నన్ను నొక్కి చూసి, 'బాగా మెత్తగా ఉంది' అంటాయి. సోఫాకు మనుషులు పెట్టే పరీక్ష ఆ ఒక్క నొక్కుడే. లోపల ఫోమ్ పొడి అయిపోయినా, చెక్క పుచ్చిపోయినా, పైన నేనుంటే వాళ్లకు చాలు.

నన్ను కొన్నది కరీముల్లా. సోఫాలు బాగుచేస్తాడు. ఒక చుట్టలోంచి ఎన్ని ముక్కలు కోసినా అన్నీ నేనే. కాబట్టి అతని దుకాణంలో జరిగిందీ, రామబ్రహ్మం ఇంట్లో జరిగిందీ రెండూ నాకు తెలుసు.

రామబ్రహ్మం భార్య హైమావతి. ఒక ఒంటి సోఫాలో కూర్చుని పదిహేడేళ్లు ఊళ్లోవాళ్ల చీరలకు ఫాల్స్ కుట్టింది. ఎడమ కాలు మడిచి కింద పెట్టుకోవడం ఆమె అలవాటు. అందువల్ల సీటు ఎడమవైపు బెత్తెడు లోతున కుంగింది. ఆషాఢంలో ఆమె పోయింది. అస్థికలు కలపడానికి రామబ్రహ్మం అమరావతి వెళ్లిన రోజున, అతని చెల్లెలు సుభాషిణి ఆ సోఫాను ఆటోలో కరీముల్లా దగ్గరకు పంపింది.

"ఎల్లుండి పెద్దకర్మ. వచ్చినవాళ్లు ఈ గుంత చూస్తే ఏమనుకుంటారు? కొత్త ఫోమ్ వేసెయ్" అంది.

చనిపోయిన మనిషి గురించి కాదు, సీటు గురించి ఏమనుకుంటారో అని ఆమె భయం. వచ్చినవాళ్లు నిజంగా దాన్నే చూస్తారని ఆమెకు తెలుసు.

కరీముల్లా కొత్త ఫోమ్ వేయలేదు. పాతదాన్నే ఉంచి, గుంతలో నన్ను రెండు మడతలు కుక్కి, మొత్తం మీద ఇంకో పొర చుట్టి, గమ్ము కొట్టి, గుడ్డ బిగించాడు. నాతో ఇలాంటి పనులు చాలా తేలిక. సుభాషిణి అరచేత్తో నొక్కి చూసి తల ఊపింది.

పెద్దకర్మ నాడు ఎంతోమంది నా మీద కూర్చున్నారు. విచారంగా ఉండే ముఖంతో వచ్చి, కూర్చోగానే కాస్త కుదురుకుని, వంటల గురించి అడిగారు.

"సోఫా కొత్తదా, సుభాషిణీ?"

"లేదు పిన్నీ, బాగు చేయించా. అన్నయ్యకింకా చెప్పలేదు. చూస్తే సంతోషిస్తాడు."

అందరూ వెళ్లాక అన్నయ్య చూశాడు. ఎడమవైపు చెయ్యి వేశాడు. అందరిలా నొక్కలేదు, అటూ ఇటూ తడిమాడు.

"ఏంటన్నయ్యా?"

"ఇక్కడ ఉండాలే" అన్నాడు. తర్వాత, "ఏం లేదులే" అన్నాడు.

కొత్త ఫోమ్ వేయించానని చెల్లెలు చెప్పాక, మర్నాడు కరీముల్లా దుకాణానికి వచ్చాడు. పాత ఫోమ్ ఏం చేశావని అడిగాడు. కరీముల్లా తడుముకోకుండా దుకాణం వెనకున్న పాత ఫోమ్ ముక్కల గుట్ట చూపించాడు. ఒక అబద్ధం నిలబడటానికి మనుషులు రెండోదాన్ని ఎంత సులువుగా తెస్తారో నాకు కొత్త కాదు.

రామబ్రహ్మం చొక్కా చేతులు మడుచుకుని ఆ గుట్ట ముందు కూర్చున్నాడు. ఒక్కో ముక్కా తీసి, ఎడమవైపు వేలితో తడిమి, పక్కన పెట్టాడు. రెండో రోజూ వచ్చాడు.

"దిండ్లలోకి పోయుంటది సార్. కావాలంటే ఇంకోటి కొత్తది వేస్తా."

"కొత్తది వద్దయ్యా."

మూడో రోజు కరీముల్లా కుట్టు తప్పింది. విప్పి మళ్లీ కుట్టాడు, మళ్లీ తప్పింది. లేచి వెనక్కి వెళ్లాడు.

"లేవండి సార్. ఆడ లేదు."

"మరెక్కడుంది?"

"మీ ఇంట్లోనే ఉంది. నేను మార్చలా. పైన ఫైబర్ చుట్టి ఇచ్చా. తిట్టండి."

"నిజంగా మార్చలేదా?"

"లేదు సార్."

"ఒట్టు?"

"మా అమ్మతోడు."

మోసపోయానని తెలిసి ఒక మనిషి ముఖం తేటపడటం నేను అంతకుముందు చూడలేదు. మనుషుల మీద నా అభిప్రాయం దానివల్ల మారలేదు గాని, ఆ ముఖం మాత్రం గుర్తుండిపోయింది.

ఆ సాయంత్రమే కరీముల్లా రామబ్రహ్మం ఇంటికి వచ్చి ఎడమవైపు కుట్టు విప్పాడు. గుడ్డ తొలగించి నన్ను అంచు పట్టుకుని లాగాడు. నాతోపాటు ఫోమ్ పసుప్పచ్చటి పొడిగా రాలింది.

"ఆగు" అన్నాడు రామబ్రహ్మం.

"గమ్ము పట్టేసింది సార్. లాగితే పైన పెచ్చు దీంతోనే ఊడొస్తది. అప్పుడిక గుంత ఉండదు. ఇట్టాగే ఉంచితే కింద ఉంటది గాని, కనపడదు. ఏం చేయమంటారో మీరే చెప్పండి."

రామబ్రహ్మం నా మీద చెయ్యి ఉంచి, బరువంతా వేసి, మెల్లగా నొక్కాడు. నేను అణిగాను. అణగడం తప్ప నాకు ఇంకేం వచ్చు? రెండు మడతలూ పలచబడ్డాక అతని వేళ్లకు గుంత అడుగు తగిలింది. చాలాసేపు చెయ్యి తీయలేదు.

"ఉంది" అన్నాడు.

వాకిట్లో నిలబడ్డ సుభాషిణి అంతా విన్నది. లోపలికి వచ్చి ఏదో చెప్పబోయి, నేల మీద రాలిన పసుపు పొడిని చూసి, చీపురు తేవడానికి వెళ్లింది.

"దాన్ని ఊడవకు" అన్నాడు అన్నయ్య.

ఆమె చీపురు పట్టుకుని అలాగే నిలబడింది. ఆ ముఖాన్ని చులకన చేయాలని నాకూ అనిపించలేదు.

ఐదు వారాలైంది. నా వైపు నుంచి చెప్పాలంటే, తీసేసినా ఉంచినా ఒకటే. నేను కుళ్లను, చెదలు పట్టను. మీరందరూ వెళ్లిపోయాక కూడా ఏదో ఒక గుట్టలో ఇలాగే ఉంటాను. పాత ఫోమ్‌కు ఆ సావకాశం లేదు. అది రోజూ కొంచెం పొడి అవుతోంది. కరీముల్లా ఆ దారిన పోతూ సైకిల్ ఆపి, "ఏమనుకున్నారు సార్?" అని అడుగుతాడు. "చెప్తాలే" అంటాడు రామబ్రహ్మం.

ఇంకా చెప్పలేదు. ఎడమవైపు కుట్టు వేయలేదు.