బొటనవేళ్ల క్రేను

లివర్ అంటే పిడికిలి నిండా ఉండాలని క్రేనమ్మ నమ్మకం. ఇరవై రెండేళ్లుగా ఆమె అలాంటి రెండు లివర్ల మధ్య, ఆకాశంలో వేలాడే గాజు గదిలో కూర్చుంటోంది. ఎడమ చేతిది క్రేను కొమ్మును తిప్పుతుంది. కుడి చేతిది కొక్కేన్ని నడుపుతుంది: వెనక్కి లాగితే బరువు పైకి లేస్తుంది, ముందుకు తోస్తే కిందికి దిగుతుంది. నిద్రలో లేపి అడిగినా ఆమె చేతులే జవాబు చెబుతాయి.

అలాంటి మనిషి చేతిలో కంపెనీ శిక్షకుడు ఒక నల్లటి ప్లాస్టిక్ ముక్క పెట్టాడు. వీడియో గేములు ఆడుకునే కంట్రోలర్. దాని నెత్తిన పుట్టగొడుగుల్లాంటి పుల్లలు రెండు, ఒక్కో బొటనవేలికి ఒకటి. ఆ శిక్షకుడు సిమెంటు దుమ్ములోకి కూడా తెల్లటి బూట్లు వేసుకొచ్చేవాడు కాబట్టి పనివాళ్లు అతనికి తెల్లబూట్లు అనే పేరు ఖాయం చేశారు.

"ఈ ఏడాది నుంచి పరీక్ష కంప్యూటర్లోనే అమ్మా. తెర మీద క్రేనుంటుంది, దీంతో నడపాలి. నెలాఖరుకి పాసైనవాళ్లే పైన కూర్చుంటారు. మిగతావాళ్లు క్రేనుకి జెండా ఊపి సైగలు చేసే పనికి."

"దీంతోనా? నా పళ్లు తోముకునే బ్రష్షు ఇంతకన్నా గట్టిగా ఉంటుంది."

"ఇప్పటివాళ్లకి ఇదే అలవాటమ్మా."

"ఇప్పటివాళ్లు దీంతో ఇరవై అంతస్తుల మీద రెండు టన్నుల ఇనుము దించుతున్నారా నాయనా?"

తెల్లబూట్లు నవ్వి కంప్యూటరు మీట నొక్కాడు. తెర మీద క్రేను కదిలింది. ఆమె బరువెత్తుదామని కుడి పుల్లను వెనక్కి లాగింది. బరువు ధడాలున దిగి తెర మీది రేకుల షెడ్డును అప్పడం చేసింది. ఇక్కడ ముందుకు తోస్తేనే పైకి. వెనకాల నిలబడిన కొత్త ఆపరేటరు, క్రేనెక్కి ఆరు నెలలైనా కానివాడు, కిసుక్కున నవ్వాడు. అతను మొదటిసారే పాసయ్యాడు.

జెండా పని అంటే ఆమెకు చిన్నచూపు. మెడ ఎత్తి చూసేవాళ్లు కొందరు, మెడ వంచి చూసేవాళ్లు కొందరు; తను రెండో రకమని ఆమె లెక్క. ఆ కుర్చీ పోతే తను ఎవరో ఆమెకే తెలియదు.

అందుకే ఆ సాయంత్రం సిగ్గు విడిచి కూతురింటికి వెళ్లింది. కూతురు సోఫాలో కాళ్లు మడుచుకుని అలాంటి కంట్రోలరుతోనే ఏదో యుద్ధం చేస్తోంది. అల్లుడు మూల బల్ల దగ్గర మౌసుతో, కీబోర్డుతో అదే యుద్ధం విడిగా చేస్తున్నాడు.

"వద్దత్తయ్యా, దాన్ని ముట్టుకోకండి," అన్నాడు అల్లుడు వెనక్కి తిరగకుండానే. "బొటనవేలితో గురి పెట్టడమంటే గ్లౌజులేసుకుని సూదిలో దారం ఎక్కించడమే. అందుకే ఆ గేములో గురి దానంతటదే శత్రువుకి అతుక్కుంటుంది. కంప్యూటరు చెయ్యి పట్టుకుని నడిపిస్తే గెలవడం కూడా ఒక గెలుపేనా?"

"నిన్న నా చేతిలో నాలుగుసార్లు చచ్చినాయన మాట్లాడుతున్నాడమ్మా," అంది కూతురు. "మౌసు పట్టుకుని వంగి కూర్చుంటే ఆడుతున్నట్టుండదు, గుమాస్తా పని చేస్తున్నట్టుంటుంది. ఇలా చూడు, ఎడమ పుల్లతో నడక, కుడి పుల్లతో చూపు."

క్రేనమ్మ కూర్చుంది. తెర మీది సైనికుడు ఆకాశంలోకి చూస్తూ పోయి గోడకు గుద్దుకున్నాడు. మళ్లీ గుద్దుకున్నాడు. మూడోసారి కాలువలో పడ్డాడు.

"ఇంత తుపాకీ మోసే మొనగాడికి మెడ కూడా నేనే తిప్పాలా?"

"ఆడలేక మద్దెల ఓడందిట," అంది కూతురు.

"అల్లుడుగారూ, మీ ఆవిడకి చెప్పండి. చిన్నప్పుడు దాన్ని నడిపించింది కూడా నేనే, అప్పుడూ ఇలాగే గోడలకి గుద్దుకునేది."

అల్లుడు మొదటిసారి వెనక్కి తిరిగి నవ్వాడు. తర్వాత అడిగాడు, పరీక్షలో పుల్ల ఎటు తోస్తే ఎటు పోతుందని. ఆమె చెప్పింది. ఇక్కడా అలాగే ఉంది, అలాగే సాధన చెయ్యండి అన్నాడు. ఆమె చేసింది. మూడు వారాలపాటు, పని దిగగానే వచ్చి, ఆ పుట్టగొడుగులను తిట్టుకుంటూ, వాటిని చేసినవాళ్లను తిట్టుకుంటూ, వాటిని ఒళ్లో పెట్టుకుని ముద్దు చేసే కూతురిని తిట్టుకుంటూ చేసింది. మూడో వారానికి సైనికుడు కాలువ గట్టు మీద తిన్నగా పరిగెత్తాడు. నెలాఖరున తెర మీది క్రేను రేకుల షెడ్డుకు వెంట్రుక దూరంలో బరువు దించింది. తెల్లబూట్లు పాస్ అని రాశాడు.

"చూశారా అమ్మా, చెయ్యి తిరిగింది," అన్నాడు.

సోమవారం పొద్దున ఆమె నిచ్చెన ఎక్కి తన కుర్చీలో కూర్చుంది. లివర్లు పిడికిలి నిండా తగిలాయి. పదకొండో అంతస్తు మీద జెండా పని ఆమె బావది. అక్క మొగుడు, ఇరవై ఏళ్లుగా వాకీటాకీలో ఆమె చెవి కొరికే మనిషి. ఇనుప కడ్డీల కట్ట అతని తలకు కాస్త పైన ఊగుతోంది.

"మరదలా, కాస్త పైకెత్తు. తల దువ్వుకునొచ్చాను, చెదిరిపోద్ది."

ఆమె కుడి చెయ్యి ముందుకు తోసింది.

కట్ట దిగింది. బావ పక్కకు దూకడం, ఆమె లివరు వదిలేయడం ఒకేసారి జరిగాయి. ఊగుతున్న కడ్డీల కొసలు అతను అంతవరకూ నిలబడిన చోట, మోకాలెత్తున ఆగాయి.



"నా మీద కోపమేమన్నా ఉంటే అక్కతో చెప్పించాలి గానీ మరదలా," అన్నాడు బావ వాకీటాకీలో. హాస్యమాడుతూనే కట్టకు నాలుగడుగులు దూరం జరిగాడు.

ఆమె అంతస్తు ఖాళీ చేయించింది. కట్టను అంగుళం అంగుళంగా, ప్రతిసారీ పెదవులతో 'వెనక్కి లాగితే పైకి' అనుకుంటూ, నేలకు చేర్చింది. తాళం వేసి నిచ్చెన దిగింది. తిన్నగా ఆఫీసు గదికి వెళ్లేసరికి అక్కడ కొత్త ఆపరేటరు, మరో ఇద్దరు టీ తాగుతున్నారు. తెల్లబూట్లు బూట్లు తుడుచుకుంటున్నాడు.

"నీ బొమ్మలో పుల్ల ముందుకి తోస్తే పైకెందుకు పోతుంది?"

"గేముల్లో అంతేనమ్మా. మామూలుగా."

"మా క్రేను అలా పోదని నీకు తెలుసా?"

"తెలుసు. కావాలంటే తిరగేసుకోవచ్చు." మౌసు రెండుసార్లు నొక్కి చూపించాడు. ఒక చిన్న గడి, అందులో ఒక టిక్కు. "సెట్టింగు ఉంది. ఎవరూ అడగలేదు."

ఆమెకు అతని మీద కలిగిన అసహ్యంలో కొంత తనకే మిగిలింది. అడగకుండా ఒక్క బోల్టును కూడా నమ్మని మనిషి, ఈ ప్లాస్టిక్ ముక్కను అడగడానికి కూడా తగనిదనుకుంది.

"టిక్కు పెట్టు," అంది కుర్చీ లాక్కుని.

"మీరు పాసయ్యారు కదమ్మా."

"పెట్టమన్నాను."

అతను పెట్టాడు. ఆమె బొటనవేలు ఒకసారి ముందుకు తోసింది, తప్పు తెలిసి వెనక్కి లాగింది, తెర మీద బరువు తాగినవాడిలా తూలి షెడ్డు మీద కూలింది. ఈసారి కొత్త ఆపరేటరు నవ్వలేదు. తన చేతులకేసి చూసుకున్నాడు.

"ఇప్పుడు కాగితం మీద ఏం రాయమంటారు?" అన్నాడు తెల్లబూట్లు.

"ఫెయిల్ అని రాయి. నా చేతికి తెలిసొచ్చేదాకా రోజూ అదే రాయి. మళ్లీ మొదటి నుంచి పెట్టు."