నీలం తొట్టిలో బాప్తిస్మం

ఇలా నా పక్కకి జరిగి కూర్చో దీప్తీ, ఆ ఫోను కాస్త పక్కన పెట్టు. మీ చిన్నతాతయ్య ఎల్లయ్య బాప్తిస్మం సంగతి నేను చెప్తేనే బాగుంటుంది. ఎందుకంటే దానికి అడ్డుపడింది నేనే.

పోయినేడు మే నెల. కాలవలకి నీళ్లు కట్టేసి నెల దాటింది. మన హంసలదీవి వైపు బోరు నీళ్లు ఉప్పు కషాయం, తాగే నీళ్లు మూడు రోజులకోసారి ట్యాంకరులో వచ్చేవి. షుగరుతో అప్పటికే ఒక కాలు పోయిన మా మరిదికి సోమవారం బందరులో గుండె ఆపరేషను అన్నారు. చర్చికి రమ్మంటే ముప్పై ఏళ్లు నవ్వి ఊరుకున్న మనిషి, ఆ గురువారం మన చర్చి పాస్టరు దయానందం అయ్యగారిని పిలిపించి, ఆపరేషనుకి ముందే బాప్తిస్మం ఇమ్మన్నాడు.

కాలవలో నీళ్లేవి? అయ్యగారు కుర్రవాడు, చెరువులవాళ్లు రొయ్యపిల్లల్ని తెచ్చే పెద్ద నీలం తొట్టి ఉంది కదా, అది అడిగి తెప్పిస్తానన్నాడు. నాకు ఒళ్లు మండింది. మా అమ్మ, నేను, మీ అమ్మ అందరం కాలవ లాకు దగ్గర మెట్లు దిగి పారే నీళ్లలో మునిగినవాళ్లం. యేసుప్రభువు మునిగిన యొర్దానైనా పారే నీరే కదా, కాలవ వదిలాక చూద్దాం అన్నాను. సంఘంలో నా మాట చెల్లేది, పెద్దలూ సరే అన్నారు.

మీ చిన్నతాతయ్య మంచం మీంచి నా వైపు తిరిగాడు.

"వదినా, నువ్వు కాలవనే చూస్తున్నావు. మునిగేవాణ్ణి చూడవేం?"

ఆ మాట రెండు రోజులు నన్ను వదల్లేదు. ఆదివారం పొద్దున్నే ఇంట్లో ఉన్న రెండు బిందెల మంచినీళ్లలో ఒకటి చంకనెత్తుకుని చర్చికి వెళ్లి, తొట్టి తెప్పించమని అయ్యగారితో చెప్పాను. తొట్టి రాగానే బోరు నీళ్లతో కడిగించి, ముంచడానికి ఆ ఉప్పు నీళ్లు వద్దని నా బిందె కుమ్మరించాను. అది చూసి పక్కింటి నాగజ్యోతి ఒక బిందె తెచ్చింది, దాని వెనక వీధి వీధంతా వచ్చింది. తాగే నీళ్లే, అందరివీ. గంటలో తొట్టి నిండింది.

నాలుగుసార్లు కడిగినా రొయ్యల వాసన పోలేదు. "చేపలు పట్టిన పేతురుగారికి ఈ వాసన అలవాటేలెండి" అన్నాడు మా మరిది. అయ్యగారికి నవ్వాగలేదు. నలుగురు మా మరిదిని ఎత్తి తొట్టిలో దింపారు. మునిగి లేచాక ఆ మొహం చూడాలి, చిన్నపిల్లాడిలా. పాట ఎత్తింది నేనే.

ఆపరేషనయ్యి ఇంటికొచ్చాడు. జూలైలో కాలవ నిండింది, అయినా తొట్టి చర్చి వెనకే ఉంచమన్నాను, మెట్లు దిగలేనివాళ్ల కోసం.

ఇది గుర్తుపెట్టుకుని నీ పిల్లలకి చెప్పు. నేను అడ్డుపడ్డ ముక్క మాత్రం మింగెయ్యకు, ముందు అదే చెప్పు.